హాస్టల్ వార్డెన్‌కి సన్మానమట. ఇప్పుడు మేమేం చేయాలి?

విభాగం: విశాఖ – చదువులు, పిల్లలు

పాతబ్యాచ్ – మంగళవారం, రాత్రి 10:48

నమస్తే అండీ. ఇన్నాళ్లూ ఇక్కడ అద్దె ఇళ్ల గురించి, పీఎఫ్ గురించి అడిగాను గానీ ఇలాంటిది రాయాల్సి వస్తుందనుకోలేదు.

వైజాగ్ శివార్లలో ఒక ప్రైవేటు రెసిడెన్షియల్ స్కూల్లో చదివాను. పేరు రాయను. స్కూలు పెట్టి పాతికేళ్లయిందని పెద్ద ఫంక్షన్ చేస్తున్నారు. ఆహ్వాన పత్రిక మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. లోపలి పేజీలో ‘పూర్వ సిబ్బందికి ఘన సన్మానం’ అని ఫొటోలు, వాటిలో మా పాత హాస్టల్ వార్డెన్ ఫొటో. అందరూ దండం బొమ్మలు పెడుతుంటే ఒక ఫ్రెండ్ మాత్రం ‘వీడికి శాలువానా’ అని రాసి గ్రూపులోంచి వెళ్లిపోయాడు.

ఫోన్ చేస్తే తీయలేదు. మర్నాడు వాడే చేశాడు. [ఇక్కడ తరగతి, సంవత్సరం, బస్టాపు గుర్తు తొలగించాం – అడ్మిన్] రాత్రి స్టడీ అవర్ అయ్యాక కాళ్లు నొక్కడానికని వార్డెన్ రూముకి పిలిచేవాడట. అక్కడ జరిగింది వాడు చెప్పాడు, నేను ఇక్కడ రాయను. ఇంకో జూనియర్ ఉన్నాడు, ఒక సీనియర్ కూడా. ఆ జూనియర్ అప్పట్లోనే పీఈటీ సార్‌కి చెప్పాడు, సార్ కరస్పాండెంట్ దాకా తీసుకెళ్లారు. కొద్ది రోజుల్లోనే వార్డెన్ కనబడకుండా పోయాడు. ‘వాళ్ల అమ్మగారికి బాలేదు’ అని మాకు చెప్పారు. నిజానికి ఇంకో బ్రాంచికి పంపారు.

ఫ్రెండ్‌కి ఇప్పుడు సంబంధాలు చూస్తున్నారు. పోలీసులంటే వద్దంటున్నాడు. వాడు కోరేది ఒకటే, ఆ మనిషి పిల్లల దగ్గర ఉండకూడదు, తెలిసీ ఊరుకున్న కరస్పాండెంట్ జవాబు చెప్పాలి. కేసు లేకుండా ఇది కుదురుతుందా?

గాజువాక_గురుడు – రాత్రి 10:59

పేర్లు పడేయండి బ్రో. స్కూలు పేరు, వాడి ఫొటో, అన్నీ. తెల్లారేసరికి ఊరంతా తెలిసిపోద్ది. ఫంక్షన్ ఎలా చేస్తారో చూద్దాం. [మిగతా రెండు లైన్లు తొలగించాం]

అడ్మిన్ – రాత్రి 11:20

గురుడు గారూ, స్కూలు పేరు మీరు ఊహించి రాసిన భాగం తీసేశాను. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల) చట్టం సెక్షన్ 23 ప్రకారం పిల్లల పేరే కాదు, చదివిన బడి, కుటుంబం, ఉండే పేట, దేనితో గుర్తుపట్టే వీలున్నా అది బయటపెట్టకూడదు. ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు గానీ జరిమానా గానీ పడొచ్చు. 2018లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు సోషల్ మీడియాని కూడా కలిపే చెప్పింది. ‘ఏ స్కూలు’ అని అడిగే పోస్టులు ఇకమీదట చెప్పకుండానే పోతాయి.

కోర్టుగుమ్మం – బుధవారం, ఉదయం 6:15

వాకింగ్‌కి బయల్దేరుతూ ఇది చూశాను. నడక రేపు చూసుకుంటాలెండి.

పాతబ్యాచ్ గారూ, ముందు ఒక్క సంగతి చెప్పండి. సంవత్సరం వద్దు. మీ ఫ్రెండ్‌కి జరిగింది 2012 నవంబరు 14కి ముందా, తర్వాతా? పోక్సో అమల్లోకి వచ్చిన రోజది. తర్వాతైతే పోక్సో. ముందైతే పాత ఐపీసీ సెక్షన్లు చూసుకోవాలి, మగపిల్లల విషయంలో అవి బాగా ఇరుకు.

ఇన్నేళ్లయింది కదా, కేసు చెల్లదంటారు కొందరు. తప్పు. మూడేళ్లకు మించి శిక్ష ఉన్న నేరానికి గడువంటూ లేదు. 2018లో కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ, న్యాయశాఖను అడిగి మరీ ఇదే చెప్పింది. పైగా ఈ మనిషి విద్యాసంస్థ సిబ్బంది. తన కింద ఉన్న పిల్లల మీద చేస్తే మామూలు నేరం కాదు, తీవ్రమైన నేరం కింద లెక్క. 2019 సవరణలో అలాంటి అత్యాచారానికి కనీస శిక్ష పదేళ్ల నుంచి ఇరవై ఏళ్లకు పెరిగింది. అయితే పాత సంఘటనకు పాత శిక్షే వర్తిస్తుంది.

ఇక కరస్పాండెంట్ సంగతి. నేరం జరిగిందని తెలిసిన ఏ వ్యక్తయినా పోలీసులకు చెప్పి తీరాలని సెక్షన్ 19. చెప్పకపోతే సెక్షన్ 21. అందులో రెండో క్లాజు సంస్థ పెద్దల కోసమే పెట్టింది. తన కింద పనిచేసేవాడు చేసిన నేరం చెప్పకపోతే ఏడాది దాకా జైలు, జరిమానా. ‘విచారించి పంపేశాం’ అన్నది జవాబు కాదు. విచారించడం స్కూలు పని కాదు, చెప్పడం స్కూలు పని.

ఇక్కడో మెలిక ఉంది, ముందే చెబుతున్నా. ఏడాది శిక్ష ఉన్న నేరాలకు గడువు కూడా ఏడాదే. ‘నేను చెప్పకపోవడం ఎప్పటి మాటో, గడువు దాటింది’ అని ఆయన లాయరు మొదటి రోజే లేస్తాడు. దానికి రెండు జవాబులున్నాయి. కలిపి విచారించే నేరాలైతే పెద్ద నేరానికి ఉన్న గడువే చూడాలని చట్టం. న్యాయం కోసం అవసరమైతే ఆలస్యాన్ని కోర్టు మన్నించవచ్చు కూడా. క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో 468, 473 సెక్షన్లు, దాని బదులు వచ్చిన ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్‌లో 514, 519. గెలుస్తామని రాసివ్వలేను గానీ వాదించడానికి చోటుంది. అందుకే కరస్పాండెంట్ మీద విడిగా కాదు, వార్డెన్ మీద ఫిర్యాదులోనే ఆయన పేరు మొదటి నుంచీ ఉండాలి.

పాతబ్యాచ్ – ఉదయం 7:02

ఫ్రెండ్, జూనియర్ ఇద్దరిదీ తర్వాతే సర్. సీనియర్‌ది ముందు. మీరు రాసింది వాడికి చదివి వినిపిస్తా. కానీ వాడు వద్దన్నాక నేను ఫిర్యాదు ఇవ్వొచ్చా? అది వాడికి ద్రోహం చేసినట్టు కాదా?

కోర్టుగుమ్మం – ఉదయం 7:20

ఇవ్వొచ్చు. ఆ మాటకొస్తే చట్టం ‘ఇవ్వాలి’ అంటుంది. బాధితుడు ఇప్పుడు పెద్దవాడయ్యాడు కాబట్టి అక్కర్లేదని మినహాయింపు సెక్షన్ 19లో ఎక్కడా లేదు. అయినా వాడికి తెలియకుండా వెళ్లకండి. వాడి వాంగ్మూలం లేకుండా కేసు నిలబడదు. వాడు మొండికేస్తే నష్టపోయేది కేసే.

ఉప్పునీరు – ఉదయం 9:31

పాతబ్యాచ్ తమ్ముడూ, మీ ఫ్రెండ్ వైపు నుంచి రాస్తున్నా. నాకు జరిగింది స్కూల్లో కాదు, ట్యూషన్‌లో. అప్పుడు నాకు పదకొండేళ్లు.

‘పోలీసులు వద్దు’ అంటే న్యాయం వద్దని కాదు. ప్రతి కొత్త మనిషికీ మొదటి నుంచి చెప్పుకోవడం వద్దని. మా నాన్నకి చెప్పినప్పుడు ఆయన అడిగిన మొదటి ప్రశ్న ‘మగపిల్లాడివి కదరా, తోసేసి రాలేకపోయావా?’ ఆయన చెడ్డవాడు కాదు. ఆ ప్రశ్న తప్ప ఇంకోటి ఆయనకి తెలీదు. అంతే, మళ్లీ పెళ్లయ్యేదాకా నోరు విప్పలేదు.

మగపిల్లలకి ఇలాంటివి జరగవనుకునేవాళ్ల కోసం ఒక లెక్క. 2007లో కేంద్ర ప్రభుత్వమే 13 రాష్ట్రాల్లో పన్నెండు వేల మందికి పైగా పిల్లల్ని అడిగి రిపోర్టు వేసింది. మన ఆంధ్ర కూడా అందులో ఉంది. ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదురైందన్న పిల్లలు 53 శాతం పైచిలుకు, వాళ్లలో సగానికి పైగా మగపిల్లలే. పోక్సోలో ఆడామగా తేడా లేనిది అందుకే.

మీ ఫ్రెండ్‌ని ‘ధైర్యం చెయ్యి’ అనకండి. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. చిన్నప్పుడు పిల్లాడి ధైర్యం మీద ఆధారపడ్డారు, ఇప్పుడూ వాడి ధైర్యం మీదేనా? ఏం జరుగుతుందో, ఎవరు అడుగుతారో, ఎన్నిసార్లు వెళ్లాలో వివరంగా చెప్పండి. నిర్ణయం వాడు తీసుకుంటాడు. కావాలంటే నాకు ప్రైవేటు మెసేజ్ పెట్టమనండి. ఎంవీపీ కాలనీలోనే ఉంటా.

సింహాచలం_మెట్లు – ఉదయం 11:10

అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు, రెండో వైపు కూడా చూడాలి. ఇప్పుడు ఆ స్కూల్లో వందల మంది పిల్లలు చదువుతున్నారు. పేరు బజారున పడితే పరీక్షల ముందు వాళ్ల గతేంటి? ఒకడు చేసిన దానికి సంస్థ మొత్తాన్ని ఈడ్చడం న్యాయమా? పైగా పోక్సో పేరుతో పగ తీర్చుకున్నవాళ్లని చూశాం. రుజువేది?

రిటైర్డు_మాష్టారు – మధ్యాహ్నం 12:45

సింహాచలం గారికి నేను జవాబిస్తాను. ముప్ఫై ఏళ్లకు పైగా బళ్లలో పనిచేశాను, అందులో కొన్నాళ్లు హాస్టల్ ఇన్‌ఛార్జి హెడ్మాస్టరుగా.

‘సంస్థ పేరు’ అనే మాట ఎలా పుడుతుందో చెబుతా వినండి. పిల్లాడు ఎవరో ఒక టీచరుకి చెబుతాడు. ఆ టీచరు మంచివాడైతే పైకి చెబుతాడు. సాయంత్రం మేనేజ్‌మెంట్ రూములో మీటింగు, తలుపు దగ్గరికి వేసి. తల్లిదండ్రుల్ని పిలుస్తారు, టీ ఇస్తారు. ‘మీ పిల్లాడి భవిష్యత్తు గురించే మా బాధంతా, నలుగురికీ తెలిస్తే వాడి పేరే పోతుంది’ అంటారు. ఫీజు బాకీ ఉంటే ఆ పూటే మాఫీ. టీసీ కావాలంటే కాండక్ట్ కాలమ్‌లో ‘వెరీ గుడ్’ అని రాసి, అదే రోజు చేతిలో పెడతారు. మామూలు రోజుల్లో టీసీ కోసం నాలుగుసార్లు తిప్పే ఆఫీసు అది! నిందితుడికి మాత్రం బదిలీ. కుళ్లిన వంకాయని ఈ బుట్టలోంచి తీసి ఆ బుట్టలో వెయ్యడం. కొత్త బ్రాంచి వాళ్లకి కారణం చెప్పరు. వాడి అనుభవ ధ్రువపత్రంలోనూ ‘వెరీ గుడ్డే’.

అంటే పేరు కాపాడింది ఎవరిది? ‘ఒకడు చేసిన దానికి’ అన్నారు. చేసింది ఒకడే కావచ్చు, కుదిర్చింది ఆ రూములో కూర్చున్న ఐదారుగురు. పాతబ్యాచ్ అడుగుతున్నది వాళ్ల గురించే.

రుజువు సంగతి. బదిలీ అయ్యాడంటే ఆర్డరుంటుంది, జీతాల రిజిస్టరులో పేరు ఏ నెల ఎక్కడికి మారిందో ఉంటుంది, హాస్టల్ డ్యూటీ చార్టుంటుంది, పిల్లాడి టీసీ తేదీ ఉంటుంది. ఈ నాలుగు కాగితాలు పక్కపక్కన పెడితే చాలా కథ అదే చెబుతుంది. పోలీసులు అడిగేలోపు అవి చెదలు పట్టకుండా చూసుకోవాలి. చెదలు ఎప్పుడూ అలాంటి రిజిస్టర్లకే పడతాయి, నా అనుభవం. పీఈటీ సార్ ఎక్కడున్నారో కూడా కనుక్కోండి బాబూ, ఆయనే మీకు ముఖ్యమైన సాక్షి.

కోర్టుగుమ్మం – మధ్యాహ్నం 1:30

మాష్టారి మాటకు సుప్రీంకోర్టు మాట కలుపుతా. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో గిరిజన బాలికల హాస్టల్. పిల్లలకు వైద్యం చేసిన డాక్టరుకి విషయం తెలిసీ చెప్పలేదని కేసు పెడితే బొంబాయి హైకోర్టు కొట్టేసింది. 2022 నవంబరు 2న సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగరాసి, తెలిసీ చెప్పకపోవడం చిన్న విషయం కాదు, చాలాసార్లు అది నేరస్తుణ్ణి కాపాడే ప్రయత్నమే అంది. అక్కడ డాక్టరు బయటి మనిషి. ఇక్కడ కరస్పాండెంట్ యజమాని.

తప్పుడు కేసుల భయానికి చట్టంలోనే విరుగుడుంది. పగతో అబద్ధపు ఫిర్యాదిస్తే సెక్షన్ 22 కింద శిక్ష. మంచి ఉద్దేశంతో సమాచారమిచ్చిన వాడి మీద మాత్రం సివిల్ గానీ క్రిమినల్ గానీ ఏ చర్యా ఉండదు, సెక్షన్ 19లోనే రాశారు. నిజమా కాదా తేల్చాల్సింది కోర్టు, స్టాఫ్ రూము కాదు.

మెల్‌బోర్న్_వాల్తేరు – మధ్యాహ్నం 2:05

నేను పుట్టి పెరిగింది వాల్తేరులో, ఇప్పుడుంటున్నది మెల్‌బోర్న్‌లో. ఇక్కడ సంస్థల్లో పిల్లలపై జరిగిన లైంగిక వేధింపుల మీద 2013 నుంచి 2017 దాకా రాయల్ కమిషన్ అనే ప్రభుత్వ విచారణ నడిచింది. చర్చిలు, బళ్లు, అనాథాశ్రమాలు, క్రీడా సంఘాలు, ఎవర్నీ వదల్లేదు. ఎనిమిది వేల మందికి పైగా బాధితులు ఒక్కొక్కరుగా కమిషనర్ల ఎదుట కూర్చుని చెప్పుకున్నారు, వాళ్లలో ముసలివాళ్లు కూడా ఉన్నారు. ‘ఎవడు చేశాడు’ అని ఎంత అడిగారో, ‘సంస్థకి ఎప్పుడు తెలిసింది, తెలిశాక ఏం చేసింది’ అని అంతే అడిగారు. అక్కడా తేలింది మాష్టారు చెప్పిందే. తప్పు చేసినవాణ్ణి ఈ ఊరి నుంచి ఆ ఊరికి మార్చడం.

తర్వాత 2018 జులైలో పరిహార పథకం పెట్టారు. లక్షా యాభై వేల డాలర్ల దాకా ఇస్తారు, ఆ డబ్బు బాధ్యులైన సంస్థల నుంచే రాబడతారు. కోరితే సంస్థ తరఫు పెద్ద ఎదురుగా కూర్చుని క్షమాపణ చెప్పాలి. మా విక్టోరియా రాష్ట్రంలో 2015 నుంచి నష్టపరిహారం దావాకి కాలపరిమితే ఎత్తేశారు. మన దగ్గర ఇలాంటిది అడిగేవాళ్లే లేరా?

కోర్టుగుమ్మం – మధ్యాహ్నం 2:40

అడగాల్సిందే. మన దగ్గర ప్రత్యేక కోర్టు పరిహారం ఇవ్వమని ఆదేశించొచ్చు, కేసు నడుస్తుండగా మధ్యంతర పరిహారం కూడా ఇవ్వొచ్చు. కానీ అది చెల్లించేది రాష్ట్ర ప్రభుత్వం, బాధితుల నిధి నుంచి. అంటే మీ డబ్బూ నా డబ్బూ. లక్షల్లో ఫీజులు గుంజిన సంస్థ జేబులోంచి రూపాయి కదలదు. సంస్థ మీద నష్టపరిహారం దావా వేద్దామంటే కాలపరిమితి అడ్డం. ఈ చట్టంలో నాకు అన్నిటికంటే లోటనిపించేది ఇదే.

రాయల్ కమిషన్ లాంటిది లేదు గానీ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ రాష్ట్రానికొకటి ఉంది. 2005 చట్టం ప్రకారం విచారణ చేసేటప్పుడు దానికి సివిల్ కోర్టు అధికారాలుంటాయి. మనుషుల్ని పిలిపించగలదు, రికార్డులు తెప్పించగలదు. ఎవరూ అడక్కుండానే కేసు చేపట్టగలదు కూడా. పీఈటీ సార్ భయపడుతుంటే ఆ దారి కూడా చూడండి.

పెందుర్తి_అమ్మ – సాయంత్రం 4:15

ఓలమ్మో, ఇవన్నీ చదివితే గుండె జారిపోతంది. మా పాప కూడా హాస్టల్లోనే ఉంది, ఏడో తరగతి. ఆదివారం ఎల్తే ఏటి అడగాలండి స్కూలోళ్లని? అడిగితే మా గుంటని తేడాగా చూత్తారేమో అని కూడా భయమే.

ఉప్పునీరు – సాయంత్రం 4:50

అక్కా, మా వాడి బడిలో నేను అడిగింది చెబుతా. 2020 పోక్సో రూల్సులో మూడో రూలు. పిల్లలతో మసిలే సిబ్బంది అందరికీ, అంటే టీచర్లే కాదు, వ్యాన్ డ్రైవరు, వంటాయన, వాచ్‌మన్ అందరికీ, పోలీసు వెరిఫికేషన్ ఎప్పటికప్పుడు చేయించాలి. ‘ఆ కాగితాలు చూపించండి’ అన్నా. కౌంటర్‌లో అమ్మాయి ‘ఇంతవరకు ఎవరూ అడగలేదు సార్’ అంది. ప్రిన్సిపాల్ ‘మా వాళ్లంతా తెలిసినవాళ్లే’ అన్నారు. నా విషయంలోనూ తెలిసినాయనే మేడమ్, అన్నా. కొన్నాళ్లకి ఫైలు తయారైంది.

ఒక్కరే వెళ్లకండి, ఇంకో ఇద్దరు తల్లుల్ని కలుపుకోండి. ముగ్గురు అడిగితే ఎవరి పాపని తేడాగా చూడాలో వాళ్లకి తేలదు.

రిటైర్డు_మాష్టారు – సాయంత్రం 5:05

ఇంకొకటమ్మా. సిక్ రూము తాళం ఎవరి దగ్గర ఉంటుంది, రాత్రిపూట అక్కడ పిల్ల ఒక్కతే ఉంటే తోడెవరు? నేను ఇన్‌ఛార్జిగా వెళ్లిన ప్రతి హాస్టల్లో మొదట అడిగింది అదే. జవాబు తడుముకున్నారంటే అనుమానించాల్సిందే. పాపకి ఫోన్ ఇచ్చేటప్పుడు పక్కన ఎవరైనా నిలబడి వింటారా అని కూడా అడుగు.

వార్డు_సిస్టర్ – రాత్రి 8:20

నర్సుగా చేసి రిటైరయ్యాను. ఒక మాట చెప్పాలనిపించింది. ఆస్పత్రికి తెచ్చిన పిల్లాడు మాట్లాడడు. బనీను అంచు పళ్ల మధ్య పెట్టుకుని నములుతుంటాడు. అప్పటికే అమ్మ, పెద్దమ్మ, ప్రిన్సిపాల్, కానిస్టేబులు, అందరూ తలా ఒకసారి ‘ఏం జరిగిందో చెప్పు’ అని ఉంటారు. ఆరోసారి అడిగేది డాక్టరు. ఆరోసారికి పిల్లాడి మాట ఒక్కటైనా మారుతుంది, కోర్టులో పట్టుకునేది ఆ మార్పునే.

కాబట్టి మొదట విన్నవాళ్లు పిల్లలు అన్న మాటలు అన్నట్టుగానే కాగితం మీద రాసి, తేదీ వేసి పెట్టండి. మళ్లీ మళ్లీ అడగొద్దు. ఎఫ్‌ఐఆర్ ఉంటేనే చూస్తామని ఏ ఆస్పత్రీ అనకూడదు, ప్రైవేటైనా సరే, వైద్యం ఉచితంగా ఇవ్వాలి. కేజీహెచ్‌లో వన్ స్టాప్ సెంటర్ ఉంది.

పాతబ్యాచ్ బాబూ, మీ ఫ్రెండ్ నిద్రపోతున్నాడో లేదో కనుక్కో. ఈ విషయం కదిపాక కొందరికి వారాలపాటు నిద్రుండదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు, రాత్రైనా ఎత్తుతారు.

పాతబ్యాచ్ – గురువారం, రాత్రి 9:12

విషయం మారిపోయింది. పీఈటీ సార్ దొరికారు, ఇప్పుడు వేరే స్కూల్లో చేస్తున్నారు. మొదట ‘నాకెందుకయ్యా’ అన్నారు, తర్వాత ఆయనే తిరిగి ఫోన్ చేశారు. వార్డెన్ ఆ రెండో బ్రాంచిలో కూడా రెండేళ్లే ఉన్నాడట. ఇప్పుడు అనకాపల్లి వైపు ఒక అనాథ పిల్లల ఆశ్రమంలో కేర్‌టేకర్. అక్కడే ఉంటాడు, రాత్రీపగలూ.

ఫ్రెండ్‌కి చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. ‘అక్కడ వయసెంత పిల్లలుంటార్రా’ అని అడిగాడు.

ఈలోగా కరస్పాండెంట్ గారి అల్లుడి నుంచి ఫోన్ కూడా వచ్చింది. పీఈటీ సార్‌ని వెతుకుతున్నామని ఎలా తెలిసిందో ఏమో. ‘సన్మానం లిస్టులోంచి తీసేస్తాం, మీ ఫ్రెండ్‌ని తీసుకురండి, కూర్చుని మాట్లాడుకుందాం, ఏం కావాలో చూద్దాం’ అన్నాడు.

సింహాచలం_మెట్లు – రాత్రి 9:30

ఆశ్రమంలోనా? అయితే నా పాత పోస్టు పక్కన పెట్టండి. ముందు ఆ పిల్లల సంగతి చూడండి.

కోర్టుగుమ్మం – రాత్రి 9:41

కూర్చోవద్దు. ఎక్కడా, ఎవరితోనూ. ఆ కాల్ రికార్డు ఉంటే దాచండి, లేకపోతే ఏమన్నాడో ఇప్పుడే రాసుకోండి. రాజీపడినా కేసు పోదు. రాజస్థాన్‌లో ఒక టీచరు కేసులో తల్లిదండ్రులతో రాజీ కుదిరిందని హైకోర్టు ఎఫ్‌ఐఆర్ కొట్టేస్తే, 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆ కేసును మళ్లీ నిలబెట్టింది. ఇలాంటి నేరం ఇద్దరి మధ్య తగాదా కాదంది.

ఇక ఆశ్రమం. ఇప్పుడు అడగాల్సింది మీ ఫ్రెండ్ ఒప్పుకుంటాడా అని కాదు. ఇవాళ రాత్రి ఆ పిల్లలతో ఎవరున్నారు అని. నేరం జరిగే ప్రమాదం ఉందని తెలిసినా చెప్పాలనే ఉంది సెక్షన్ 19లో. ఇప్పుడే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చేసి చెప్పండి. రేపు పొద్దున్నే రాతపూర్వకంగా అనకాపల్లి బాలల సంక్షేమ కమిటీకి, జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి ఇవ్వండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి ఆశ్రమం వాళ్ల కిందికే వస్తుంది. స్కూలు ఫిర్యాదు మాత్రం ఇక్కడి స్టేషన్లో. ‘మా పరిధి కాదు’ అంటే జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధితో పని లేకుండా ఏ స్టేషన్లోనైనా రాసేది) అడగండి, కాదనడానికి లేదు.

ఆ ఆశ్రమానికి జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 41 కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో కూడా అడగండి. లేకపోతే నడపడమే నేరం. ఉంటే తనిఖీ కమిటీ మూడు నెలలకోసారి వెళ్లాలి, ముగ్గురికి తగ్గకుండా, అందులో ఒక మహిళ, ఒక వైద్యాధికారి. ఆ రిపోర్టులు అడగండి. బీహార్ ముజఫర్‌పూర్ హోమ్‌లో బాలికల మీద లైంగిక దాడుల సంగతి బయటపడింది 2018లో టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) వాళ్ల సోషల్ ఆడిట్‌తో. అంతకుముందు ఆ హోముకి వెళ్లిన అధికారులు లేకనా?

రిటైర్డు_మాష్టారు – రాత్రి 9:55

ఏ ఆఫీసులో ఇచ్చినా రెండు కాపీలు పట్టుకెళ్లు. ఒకదాని మీద స్టాంపు, తేదీ, సంతకం వేయించుకుని బయటికి రా. ‘ఇచ్చి వెళ్లండి, చూస్తాం’ అంటే అక్కడే కుర్చీలో కూర్చో. ఇన్‌వర్డ్ నంబరు లేని కాగితం ఇచ్చినా ఇవ్వనట్టే.

మెల్‌బోర్న్_వాల్తేరు – రాత్రి 10:10

లాయరు ఫీజు, రాకపోకలు, ఏదైనా సరే నేను చూసుకుంటా. ప్రైవేటు మెసేజ్ పెట్టండి.

కోర్టుగుమ్మం – రాత్రి 10:14

ఫీజు మాట ఎత్తకండి.

పాతబ్యాచ్ – శనివారం, సాయంత్రం 6:30

1098కి గురువారం రాత్రే చేశాం. నిన్న అనకాపల్లిలో కాగితం ఇచ్చాను, మాష్టారు చెప్పినట్టే కూర్చుని స్టాంపు వేయించుకున్నా. కమిటీ మేడమ్ ఎదురుగానే ఇద్దరికి ఫోన్లు చేశారు. సాయంత్రానికి ఆ మనిషిని పిల్లల దగ్గర్నుంచి తప్పించారు, కౌన్సెలరు పిల్లలతో విడిగా మాట్లాడుతున్నారట. అంతకుమించి నాకు చెప్పరు, చెప్పకూడదు కూడా అన్నారు.

ఇక్కడ స్టేషన్లో మొదట రైటర్ ‘ఇంత పాతదా, సీఐ గారు వచ్చాక రండి’ అన్నాడు. ఫిర్యాదు నమోదు చేయకపోయినా సెక్షన్ 21 వర్తిస్తుందని సర్ మెసేజ్‌లో రాసింది చూపించాను. కుర్చీ వేశారు. ఎఫ్‌ఐఆర్ అయింది. ఫ్రెండ్ తనంతట తనే వచ్చాడు. జూనియర్ బెంగళూరు నుంచి బయల్దేరాడు. సీనియర్ ఇంకా ఆలోచిస్తానన్నాడు, మేం ఏమీ అనలేదు.

సోమవారం మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం ఉండొచ్చన్నారు.

కోర్టుగుమ్మం – సాయంత్రం 6:52

ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, తీసుకున్నారా? అందులో సెక్షన్ 21(2), కరస్పాండెంట్ పేరు ఉన్నాయో లేదో చూడండి. చాలాసార్లు వార్డెన్ పేరు రాసి సంస్థ పేరు మర్చిపోతారు. లేకపోతే సోమవారమే అదనపు సెక్షన్ కోసం దరఖాస్తు ఇద్దాం. 90 రోజుల్లోగా దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో వాళ్లే మీకు తెలపాలి. తేదీ క్యాలెండర్లో గుర్తు పెట్టుకోండి.

పాతబ్యాచ్ – సాయంత్రం 7:20

చూశాను సర్. వార్డెన్ పేరే ఉంది. కరస్పాండెంట్ పేరు లేదు, ‘స్కూలు యాజమాన్యం’ అని కూడా ఎక్కడా లేదు. ఫిర్యాదులో మాత్రం స్పష్టంగా రాశాం.

కోర్టుగుమ్మం – సాయంత్రం 7:31

అనుకున్నాను. స్టాంపు పడిన మీ ఫిర్యాదు కాపీ, ఎఫ్‌ఐఆర్ కాపీ ఫొటోలు నాకు ప్రైవేటుగా పంపండి. రేపు దరఖాస్తు రాసి ఉంచుతా. ఎస్‌హెచ్‌ఓ (స్టేషన్ ఇన్‌ఛార్జి) తీసుకోకపోతే కమిషనర్ గారికి రిజిస్టర్డ్ పోస్టు, ఆ తర్వాత నేరుగా ప్రత్యేక కోర్టు.

ఉప్పునీరు – సాయంత్రం 7:45

సోమవారం నేను సెలవు పెట్టాను. మీ ఫ్రెండ్‌తో మాట్లాడా, రమ్మన్నాడు. పదింటికి కోర్టు గేటు దగ్గర ఉంటా. టిఫిన్ చేసి రమ్మనండి, పిలిచేసరికి ఎంతవుతుందో తెలీదు.

పెందుర్తి_అమ్మ – సాయంత్రం 8:02

మేం నలుగురం తల్లులం ఎల్తన్నాం రేపు. వెరిఫికేషన్ కాయితాలు అడగమన్నారు కదా, ఆ రూలు నంబరు మళ్లీ ఓసారి రాయండి తమ్ముడూ, సీటీ మీద రాసుకుంటాను.

ఉప్పునీరు – సాయంత్రం 8:04

పోక్సో రూల్స్ 2020, మూడో రూలు అక్కా.